పప్పుగింజంత తోలు

మార్చి 3, సోమవారం

డాక్టరమ్మ రెండు నోటుపుస్తకాలు ఇచ్చింది. రోజూ దురద ఎక్కడ పుట్టింది, ఎంతసేపుంది, పొలుసులు ఎక్కడ లేచాయి అన్నీ రాసి నెలాఖరుకి ఆమెకివ్వాలట. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని రెండిచ్చింది. మొదటిది పాడు చెయ్యను. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో దురద రాస్తాను. ఇది రెండోది. ఇందులో దురద తప్ప అన్నీ రాస్తాను.

ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడి చేత రెండు పుస్తకాలు పట్టించిన ఘనత ఆమెదే.

ఆమె పరీక్షించేది మా గొయ్యి గ్యాసు గురించి. కుళ్ళిన గుడ్డు వాసనొస్తుందే, అది. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటుంది ఆమె. మేము గుడ్డుగ్యాసు అంటాం. అది మనిషి చర్మంలోని కణాలను ఏం చేస్తుందో చూడాలట. మురుగునీటి పంపుహౌసులో పందొమ్మిదేళ్ళుగా గోతిలోకి దిగి, జల్లెడకి పట్టేసిన గుడ్డపీలికలూ సంచులూ కొక్కెంతో లాగేవాడి తోలు కన్నా మంచి తోలు ఎక్కడ దొరుకుతుంది?

జబ్బ వెనక మత్తుసూది పొడిచి పప్పుగింజంత ముక్క కోసింది.

"మొత్తం వలుచుకోండి మేడమ్, కొత్తది వేస్తుందేమో చూద్దాం" అన్నాను.

"కదలకండి" అంది. నవ్వలేదు. నవ్వించాలి.

మార్చి 5, బుధవారం

పోల్చి చూడటానికి ఇంకో మనిషి కావాలట. నా వయసువాడు, నేను తినేదే తినేవాడు, నేనుండే చోటే ఉండేవాడు, కానీ గ్యాసులో పని చెయ్యనివాడు. బావ ఉన్నాడని చెప్పాను. మా అక్క మొగుడు, మా పంపుహౌసుకి సూపర్‌వైజరు. పై అంతస్తులో వాళ్ళు, కింద గదిలో నేను. అక్క వండిందే ఇద్దరం తింటాం. ఆయన రోజుకి రెండు నిమిషాలు గొయ్యి గట్టుకి వస్తాడు, మిగతా రోజంతా పైగదిలో పంకా కింద.

బావ మొదట రానన్నాడు.

"ఏం బావా, సూదంటే భయమా? అక్కని పిలవనా, చెయ్యి పట్టుకుంటుంది?"

"నోర్ముయ్యరా కోతీ" అన్నాడు. అని చొక్కా విప్పాడు.

ఆయన ముక్క తీస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట పంపుహౌసులో అందరికీ చెప్పాను.

మార్చి 9, ఆదివారం

అక్క పళ్ళపొడి డబ్బా పట్టుకుని కిందికి దిగింది. ఆదివారం అంటే ఉంగరం తోముడు. అమ్మ వెండి గ్లాసు కరిగించి అక్క రెండు ఉంగరాలు చేయించింది, ఒకటి నాకు, ఒకటి బావకి. నాది వారం తిరిగేసరికి బొగ్గులా అవుతుంది. బావది ఎప్పుడూ పాలలా ఉంటుంది.

"ఒకే గ్లాసు, ఒకే కంసాలి. నాదెందుక్కా ఇలా తగలడింది?"

పైనుంచి బావ అరిచాడు: "నీ నోట్లో విషం వేళ్ళలోకి దిగింది రా!"

అందరం నవ్వాం. అక్క అంత నవ్వలేదు. వంచిన తల ఎత్తకుండా తోమింది. మూడేళ్ళుగా ఒక్క ఆదివారం మానలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది, అప్పటినుంచీ తల దువ్వింది, తిట్టింది, అన్నం పెట్టింది ఈవిడే.

మార్చి 12, బుధవారం

సెలవుచీటీకి చిల్లులు కొట్టుకుందామని పంచ్ కోసం బావ సొరుగు లాగాను. పంచ్ పక్కన ఉంగరం ఉంది. అప్పుడే బావ గ్యాసు కొలిచే మీటరు పట్టుకుని గట్టుకి బయల్దేరుతున్నాడు. జారి గోతిలో పడుతుందని తీసిపెట్టి ఉంటాడు. జాగ్రత్త మనిషి.

ఆ ఉంగరం ఆయన వేలికి సబ్బు రాస్తే గానీ రాదు. అయినా జాగ్రత్త మనిషే.

ఎప్పట్లానే తాడుకి కట్టి మీటరు దించాడు, పైకి లాగాడు.

"సున్నా. వాసనేమైనా వస్తోందా?"

"లేదు బావా."

"మరింకేం, దిగు."

ఆ సున్నా రిజిస్టరులో ఎక్కింది. పది దాటితే మోగుతుందట. ఈ మూడేళ్ళలో మోగగా నేను వినలేదు. గ్యాసుకి కూడా నేనంటే భయమని గుండుతో అంటుంటాను. గుండు అంటే నా జోడీ. తాడు పైకొస పట్టుకునేవాడు. నున్నటి తల.

మార్చి 16, ఆదివారం

తోముడు అయింది. మోచేతుల దగ్గర పగుళ్ళు, పడుకుంటే మంట. అది ఆ పుస్తకంలో రాశాను.

మార్చి 20, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

పొద్దున్న డాక్టరమ్మ ల్యాబుకి పిలిచింది. బీరువాలాంటి వెచ్చటి పెట్టెలోంచి రెండు గాజుపళ్ళేలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఒకటి నాది, ఒకటి బావది. బావ కణాలు పెళ్ళిపందిట్లో జనంలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. నావి సభ అయిపోయాక మిగిలిన నలుగురిలా అక్కడొకటి ఇక్కడొకటి.

"ఈ వాయువు మన ఒంట్లో కూడా చిటికెడు తయారవుతుంది. ఆ చిటికెడు చర్మానికి మంచే చేస్తుంది. ఎక్కువైతే కణం రెండుగా చీలడం మానేస్తుంది, ఇంకా ఎక్కువైతే చస్తుంది" అంది.

"అంటే మా బావ లాంటిది. దూరంగా ఉంటే మంచివాడు."

నవ్వింది! పదిహేడు రోజుల కష్టం ఫలించింది.

తర్వాత ఓ బుల్లి సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. "వాసన?"

"నీళ్ళా?"

ఆమె సహాయకురాలు గది అవతల కిటికీ తీసి ముక్కు మూసుకుంది. డాక్టరమ్మ మూత పెట్టేసింది. ముందు ముక్కు చచ్చిపోతుందట, ఆ పైన ఎంత గ్యాసున్నా తెలియదట. "మీ మీటరు రోజూ ఎంత చూపిస్తుంది?" అంది.

"సున్నా."

"రోజూనా?"

"మూడేళ్ళ నుంచీ."

పెన్ను కింద పెట్టింది. "మురుగు గోతిలో మూడేళ్ళు సున్నా ఉండదు. రేపు నా మీటరు తీసుకుని వస్తాను" అంది.

రేపటిదాకా ఆగలేదు. పంపుహౌసుకి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర జనం. నేను లేనని గుండుని దింపారు. నిచ్చెన మీద మూడో మెట్టు దగ్గర చేతులు వదిలేశాడట. నడుముకి తాడుంది కాబట్టి బతికాడు. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం. తెలివొచ్చింది. "అన్నా, సున్నా అన్నారు కదన్నా" అన్నాడు. నాకు తోచే వేళాకోళాలు ఒక్కటీ రాలేదు.

భద్రతాధికారి అప్పటికే మీటరు స్వాధీనం చేసుకున్నాడు. అందరి ముందూ మూతి విప్పాడు. గ్యాసు లోపలికి పోయే చిల్లు మీద, జాలీ కింద, గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ అతికించి ఉంది. కళ్ళకి కనపడనంత పల్చగా, పంచ్‌తో కొట్టినట్టు గుండ్రంగా.

అందరూ మీటరుని చూశారు. ఆ పైన నన్ను చూశారు.

మార్చి 21, శుక్రవారం

ఎందుకు చూడరు? నాలుగేళ్ళ కిందట ఆపిల్ పండు మీది స్టిక్కరు పీకి మీటరు మూతికి అంటించింది నేనే కదా. ఒక్క పూట. గుండుతో పందెం. గొయ్యిలో మీటరు కిమ్మనకపోయేసరికి అందరూ నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత స్టిక్కరు చూపించి పొట్ట పట్టుకుని నవ్వాను. కొత్త ఎలక్ట్రీషియన్ చేత వారంపాటు రెండో పంపుకి నమస్కారం పెట్టించింది కూడా నేనే. దానికి ఎవరూ ఏమనలేదు. మీటరు సంగతికి మాత్రం బావ అందరి ముందు కడిగేశాడు. "ప్రాణాలతో ఆటలా?" అన్నాడు. "ఇకపై మీటరు ముట్టుకోను, క్షమించండి" అని రాయించుకుని సంతకం తీసుకున్నాడు. ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది.

మార్చి 22, శనివారం

ఆ క్షమాపణ కాగితం విచారణ ఫైల్లోకి చేరింది.

బావ ఇచ్చి ఉండడు. ఎవరో తీసి ఇచ్చి ఉంటారు.

మార్చి 23, ఆదివారం

అక్క దిగలేదు. ఒంట్లో బాగోలేదట.

మార్చి 24, సోమవారం

ఆ కాగితం బావ బీరువాలో ఉండేది. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంటుంది. ఎవరో తీసి ఇచ్చి ఉంటారు.

మార్చి 27, గురువారం

విచారణ తేలేదాకా పనికి రావద్దని కాగితం ఇచ్చారు. నిందితుడి కాలమ్‌లో నా పేరు. నేరం రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, పోలీసులకీ అప్పగిస్తారట. ఏప్రిల్ 8న హాజరు కావాలి.

మెట్ల మీద బావ ఎదురయ్యాడు. పక్కకి తప్పుకోబోతే అడ్డంగా నిలబడ్డాను.

"బావా, ఆ కాగితం నువ్వే ఇచ్చావా?"

"అడిగారు, ఇచ్చాను. రికార్డు రా అది."

"బిళ్ళ నేను పెట్టలేదు."

"ఎవరు పెట్టారన్నది ఇప్పుడెందుకు?" అన్నాడు. మెట్టు మీద కూర్చున్నాడు. నా కన్నా ఎక్కువ అలిసిపోయినట్టు కనిపించాడు. "మోగినప్పుడల్లా పని ఆపాలి, గాలి పంకాలు పెట్టాలి, రెండు గంటలు ఆగాలి. ఈలోపు గొయ్యి పొంగి వీధుల్లోకి వస్తే పైవాళ్ళు ఎవర్ని అడుగుతారు? నిన్నా, నన్నా?"

"అంటే నువ్వే."

"ఒప్పుకోరా. నువ్వంటే వేళాకోళం అనుకుంటారు. కోతి చేష్ట అని ఓ తిట్టు తిట్టి వదిలేస్తారు. నేనైతే వదలరు. అక్క ముఖం చూడు."

"నేను దిగేవాణ్ణి బావా! రోజూ నేనే కదా దిగింది!"

లేచి పంచె దులుపుకున్నాడు. "ఏమీ కాలేదు కదా ఇన్నాళ్ళూ. అయినా ఈ విద్య నీ దగ్గర నేర్చుకున్నదే కదరా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేను జోకు వేశాక నవ్వే నవ్వే అది. ఆయన ముఖం మీద ఎప్పుడూ చూడలేదు.

మార్చి 28, శుక్రవారం

ఏమీ కాలేదు కదా అన్నాడు.

ఏప్రిల్ 2, బుధవారం

దురద పుస్తకం ఇవ్వడానికి వెళ్ళాను. గొయ్యి దిగి పద్నాలుగు రోజులైంది, మోచేతుల పగుళ్ళు మూసుకుంటున్నాయి, మంట తగ్గింది. ఆ పేజీలే డాక్టరమ్మ రెండుసార్లు చదివింది.

"మేడమ్, నా ముక్క విచారణలో సాక్ష్యం చెబుతుందా?"

"చెప్పదు" అంది. "ఇద్దరి కణాలు పక్కపక్కన పెట్టి నేనేమీ రుజువు చెయ్యలేను. మీ ఒంటి తీరు, మీరు వాడే సబ్బు, అదృష్టం, ఏదైనా కావచ్చు. బిళ్ళ ఎవరు పెట్టారో కణానికి తెలియదు."

నిజం చెప్పే మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. లేవబోతుంటే నా చెయ్యి పట్టి ఆపింది. "ఇది వెండేనా?"

"మా అమ్మ గ్లాసు. నా చెమటకి నల్లబడుతుంది. నా నోటి విషం అంటాడు మా బావ."

"చెమట కాదు. ఈ వాయువు తగిలితే వెండి నల్లబడుతుంది. పందొమ్మిదేళ్ళుగా గోతిలో ఉన్నారు, ఎవరూ చెప్పలేదా?"

ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. మార్చి 12. జాగ్రత్త మనిషి అని రాశాను. రెండుసార్లు రాశాను. కొట్టేద్దామని పెన్ను పెట్టాను, కొట్టెయ్యలేదు.

సబ్బు రాసి, వేలు నలుపుకుని, రోజూ. మీటరు సున్నా అని రాయబోయే ముందు రోజూ. తన ఉంగరం పాడవకూడదని తీసి సొరుగులో పెట్టి, నన్ను దిగమన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

గుండుని చూడటానికి వెళ్ళాను. కూర్చుంటున్నాడు. వాళ్ళావిడ నాతో మాట్లాడలేదు. ఆమె దృష్టిలో బిళ్ళ నాదే. బయటికొస్తుంటే గుండు గొంతు వినపడింది: "అన్న అలా చెయ్యడే." ఆవిడ: "పండు స్టిక్కరు పెట్టినవాడు ఎవడు మరి?"

ఆగకుండా గేటు దాటేశాను.

ఏప్రిల్ 6, ఆదివారం

అక్క దిగింది. చేతిలో పళ్ళపొడి డబ్బా.

"ఉంగరం ఇవ్వు, తోముతాను."

"వద్దక్కా."

"మూడు వారాలైంది. చూడు ఎలా ఉందో. ఎల్లుండి పెద్దవాళ్ళ ముందు కూర్చోవాలి, శుభ్రంగా ఉండద్దూ?"

వేలు వెనక్కి లాక్కున్నాను. నా నలభై ఏడేళ్ళలో అక్క పట్టుకున్న చెయ్యి లాక్కోవడం అదే మొదలు.

"ఆదివారం ఆదివారం తోమమని నీకెవరు చెప్పారు?"

నా మంచం మీది దుప్పటి మడత పెట్టసాగింది.

"అక్కా."

"ఆయనే" అంది. "నల్లగా ఉంటే వాడు ఊరికే సణుగుతాడు, తోమి పడెయ్యి అన్నారు."

"ఎప్పుడు చెప్పాడు?"

"మూడేళ్ళయింది."

"ఎందుకని అడగలేదా?"

డబ్బా మూత తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది. "ఆయన ఉంగరం తీసి వెళ్తారని నాకు తెలుసురా. వేలికి సబ్బు నురగ ఆరిన మరక ఉంటుంది. ఎందుకో అడగాలనిపించింది. అడిగితే జవాబు చెబుతారని భయమేసింది."

నేను ఏదో ఒకటి అనాలి. నా నోటికి పదునెక్కువని ఊరంతా అంటుంది. ఉంగరం ఉన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"ఆయన్ని తీసుకెళ్ళిపోతే నేనేమైపోవాలి? నువ్వు ఒక్కడివి. నీకెవరున్నారు బాధపడటానికి?" అంది. ఆ మాట అన్నాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డబ్బా ఇక్కడే వదిలి వెళ్ళింది.

ఏప్రిల్ 7, సోమవారం

డబ్బా బల్ల మీద ఉంది. చిటికెడు పొడి, తడి గుడ్డ, రెండు నిమిషాల పని. తోమితే నాకు కూడా తెల్లటి ఉంగరం, బావకి పని, అక్కకి మొగుడు. నాకు కోతి అన్న పేరు ఎలాగూ ఉంది.

మధ్యాహ్నం పొడి వేలి మీద వేసుకున్నాను కూడా.

గుండు నిచ్చెన మీద చేతులు వదిలిన మూడో మెట్టు నేను రోజూ ఎక్కి దిగేదే. అక్కడ తుప్పు పట్టి ఓ బొడిపె ఉంటుంది, అరచేతికి తగులుతుంది.

పొడి కడిగేశాను.

ఏప్రిల్ 8, మంగళవారం

పొడుగాటి బల్ల. విచారణాధికారిణి ముసలావిడ, కళ్ళజోడు దారానికి కట్టుకుంది. ఒకపక్క బావ, ఎదురుగా నేను. ముందు నా క్షమాపణ కాగితం చదివారు. "క్షమించండి" అన్నచోట నేను "క్షెమించండి" అని రాశానట, గుమాస్తా అలాగే చదివాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది మీరు రాసిందేనా?"

"అవునండీ. ఆ పూట తప్పు నాదే. ఈ బిళ్ళ నాది కాదండీ. నా ముక్కులో నేనే గుడ్డ కుక్కుకుని మూడేళ్ళు గోతిలో దిగుతానా?"

"మీరు వేళాకోళాలు చేస్తారని అందరూ చెబుతున్నారు."

"చేస్తానండీ. వేళాకోళం అయ్యాక నవ్వుతాం కదండీ. దీనికి ఎవరు నవ్వారో అడగండి."

ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసింది. నేను చెయ్యి బల్ల మీద పెట్టాను. "సూపర్‌వైజరు గారిని కూడా చెయ్యి పెట్టమనండి. రెండూ ఒకే గ్లాసు వెండి."

బావ చెయ్యి బల్ల కిందే ఉంది. ఆవిడ అడిగాక పైకి తెచ్చాడు. నల్లది, తెల్లది. గదిలో అందరూ మెడలు చాచారు.

"నాది ఆఖరుసారి మార్చి పదహారున తోమారండీ. తర్వాత మూడు రోజులు దిగాను, అంతే."

"మీరూ రోజూ గట్టుకి వెళ్తారు కదా?" అని ఆవిడ బావని అడిగింది. "రిజిస్టరులో మీ సంతకాలున్నాయి."

"వెళ్తానండీ. నేను ఉంగరం తీసి వెళ్తాను."

"ఎందుకు?"

బావ మనసు ఎక్కడో ఉంది. ఇంట్లో అక్క అడిగితే చెప్పినట్టు, మామూలుగా, ఠక్కున అన్నాడు: "నల్లబడుతుందనండీ."

గుమాస్తా రాస్తున్న చప్పుడు ఒక్కటే. బావకి తను ఏమన్నాడో ఆ చప్పుడు విన్నాకే తెలిసింది. ఆవిడ రిజిస్టరు తిప్పింది. సున్నా, సున్నా, సున్నా. "గ్యాసు లేనిచోట ఎందుకు నల్లబడుతుందండీ?" అంది మెల్లిగా.

బావ నా వైపు చూశాడు. నేను ఏదో జోకు వేసి ఆ మాటని తేలిక చేస్తానని చూశాడనుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఇరుక్కున్నప్పుడల్లా నేను చేసింది అదే.

నేను చెయ్యలేదు.

ఏప్రిల్ 10, గురువారం

నన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. గొయ్యి కాదు, పైన పంపుల గది. కొత్త మీటరొచ్చింది. మొదటి రోజే ఏడుసార్లు మోగింది. ఇది మూడేళ్ళ మోత.

బావని ఇంకా ప్రశ్నిస్తున్నారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

డాక్టరమ్మ ఇంకో పప్పుగింజంత కావాలంది, ఆరు నెలల తర్వాత. గ్యాసు మానేశాక కణాలు తేరుకుంటాయో లేదో చూడాలట. పోల్చడానికి మళ్ళీ మా బావ వస్తాడా అని అడిగింది. విచారణలో ఏమైందో ఆమెకి తెలియదు పాపం.

"ఆయన ముక్క బావుంది కదా మేడమ్, దాన్నే వాడుకోండి" అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున్న ఉంగరం తీసి, పళ్ళపొడి డబ్బా మూత మీద పెట్టి, డబ్బాని నా గడప బయట పెట్టాను. తలుపు వేసుకుని కూర్చున్నాను.

తొమ్మిదింటికి మెట్ల మీద అక్క అడుగులు. గడప దగ్గర ఆగాయి. ఎంతసేపు ఆగాయో చెప్పలేను, ఊపిరి బిగబట్టి లెక్క తప్పాను. పిలుస్తుందేమో అనుకున్నాను. "ఒరేయ్" అంటే చాలు, తీసేవాణ్ణి.

అడుగులు పైకి వెళ్ళిపోయాయి.

సాయంత్రం తలుపు తీశాను. డబ్బా అక్కడే ఉంది. నా ఉంగరం అక్కడే ఉంది, నల్లగా. దాని పక్కన ఇంకో ఉంగరం ఉంది, తెల్లగా, లోపలి అంచున ఎండిన సబ్బు మరకతో.

రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాను. అమ్మ గ్లాసు మొత్తం ఇప్పుడు నా దగ్గరే ఉంది.